లాలాపేట్ బ్రిడ్జి ఎక్కని బండి

నాకు కంపంటే పడదు, మురికంటే పడదు, మనసు పెట్టకుండ పనిజేసేటోళ్లంటే అసలే పడదు. నాచారంల ఒక ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్షన్‌ల ఉంటుంటి. తయారైన సామాన్ల తప్పు పట్టుడే నా నౌకరి. ఇంటికొచ్చినంక గూడ అదే డ్యూటీ నడుస్తుందని నా భార్య అంటుండె. అసుంటి నా పాలవడ్డది, ఎనభైల సివర్ల, ఒక పాత కారు. దాన్ని తల్సుకుంటే ఇప్పటికీ ఉమ్మెయ్యాలనిపిస్తది.

షోకుకు కొనలే. మేము చిల్కానగర్‌ల ఉంటుంటిమి, దవాఖానా లాలాపేట్ బ్రిడ్జి అవుతల, సికింద్రాబాద్ దిక్కు. మొదటి కాన్పప్పుడు పట్టపగలు నొప్పులొస్తే ఒక్క ఆటో దొరకలే. బస్సులు మారుకుంట పోయినం. పాప పుట్టింది, గంటసేపు బతికింది. జర ముందు తీస్కొస్తే దక్కుతుండె అన్నది నర్సమ్మ. గా మాట నన్ను ఇడువలే. రెండోసారి నెల తప్పిందని తెల్వంగనే కారు కొన్న. గా బ్రిడ్జి దాటి దవాఖానల దించాలె, అంతే. దానికింక వేరే పనే లేదు.

కొత్తల మంచిగనే నడిచింది. రోజు పొద్దుగాల బానెట్ లేపి నీళ్లు సూసేటోన్ని. ఆమె చాయ్ గ్లాసు పట్కొని పక్కకు నిలవడేది.

"దీనికి పాణం ఏడుంటది?" అని అడిగిందొకనాడు.

ఇంజన్ మీద గుండ్రటి రేకు డబ్బా, దానికి ముందటికి పొడుసుకొచ్చిన గొట్టం సూపెట్టిన. "గిదే దీని ముక్కు. గాలి గిందులకెళ్లే పీలుస్తది. పాణమంత గీడనే ఉన్నది" అని పెద్ద మాస్టర్ లెక్క చెప్పిన.

ఆమె కారు అద్దానికి బైబిల్ వాక్యం రాసిన స్టిక్కర్ అంటిస్తే బ్లేడు వెట్టి గీకి పారేసిన. ఇంకోసారి పాస్టరయ్యతోని ప్రార్థన చేపిచ్చి ఒక రుమాలు తెచ్చి లోపటి అద్దానికి కట్టింది. "ఛీ, ఇది కారా, బట్టల దండెమా?" అని ఇప్పి ఆమె ఒళ్లె పారేసిన. తలకాయ వంచుకొని లోపటికి పోయింది.

ఎనిమిదో నెల వడ్డది, బండికి రోగమొచ్చింది. ఉప్పల్ చౌరస్తల ఆగితే చలిజ్వరమొచ్చినోని లెక్క గడగడ వణుకుడు. ఆగి ఆగి కొట్టుకునుడు. మిస్సింగ్ అంటరు దాన్ని. ఎన్కకెళ్లి నల్ల పొగ, కార్లంత పెట్రోల్ కంపు. ఒకనాడు చూద్దామని లాలాపేట్ బ్రిడ్జి ఎక్కిచ్చిన. సగం కాడికి పోంగనే దమ్ము పోయింది. ఎంత తొక్కినా గురగుర సప్పుడే గని పికప్ లేదు. ఎన్క లారీ ఆయన హారన్ కొట్టీ కొట్టీ, పక్కకెళ్లి పోవుకుంట "దిగి నూకు, ఇంకేం జేస్తవ్" అని నవ్విండు. దిగి నూకిన. ఒళ్లు మండిపోయింది.

నాచారం రోడ్డు మీద ఒక రేకుల షెడ్డుల మెకానిక్ ఉస్తాద్ ఉంటుండె. బక్కపల్చటి మనిషి, నెమ్మది మాట. గోడ పొంటి పాన్ ఉమ్మి మరకలు, కాళ్ల కింద ఆయిల్ తడి, ఎన్క నాలాల ఫ్యాక్టరీల నీళ్లు ఒకనాడు పచ్చగ, ఒకనాడు ఎర్రగ. ఆ కంపుకు ముక్కుకు దస్తి అడ్డం వెట్టుకునేటోన్ని. ఆయన ప్లగ్గులు ఇప్పి సూపెట్టిండు. బొగ్గు లెక్క ఉన్నయ్.

"పెట్రోల్ మస్తు తాగుతుంది అన్నా. కార్బొరేటర్‌ల కచ్రా ఉంటది. ఫికర్ జెయ్యకు."

కార్బొరేటర్ ఇప్పి కడిగిండు. షెడ్డుల కుట్టుమిషిన్ లెక్క నడిచింది. ఇంజన్ మీది రేకు డబ్బా బిగిచ్చి ఇచ్చిండు, బ్రిడ్జి కాడికి పోయేసరికి మళ్ల అదే గోస. రెండోసారి ప్లగ్గులు మార్చిండు. మూడోసారి పాయింట్లు. నాలుగోసారి పెట్రోల్‌ల కిరోసిన్ కలిపిన్రన్నడు. ఇంట్ల ఆమెకు తొమ్మిదో నెల వెట్టింది. నాకు తల పాణం తోకకొచ్చింది.

ఐదోసారి స్టూలేసుకొని ఆయన ముందటనే కూసున్న. ఏం జేస్తుండో కన్నార్పకుండ సూసిన. డబ్బా తీసి పక్కకు వెట్టి స్టార్ట్ చేసిండు, మంచిగున్నది. డబ్బా బిగిచ్చిండు, వణుకుడు. "మళ్ల తియ్" అన్న. తీసిండు, మంచిగున్నది. "మళ్ల బిగియ్" అన్న. వణుకుడు.

"గాలి వోతలేదు, గంతే! కార్బొరేటర్ లేదు, కాకరకాయ లేదు!"

"ఫిల్టర్ కొత్తదే అన్నా" అని మూత ఇప్పి సూపెట్టిండు. నిజమే, తెల్లగనే ఉన్నది. నేను డబ్బా గుంజుకొని ముందటి గొట్టంల రెండు వేళ్లు వెట్టిన. మెత్తగ తగిలింది. గుంజితే వచ్చింది, ఆయిల్ల నాని, మసివట్టి, జిడ్డు కారుకుంట, ఒక గుడ్డ పేగు. యాక్! సచ్చిన ఎలుకను వట్టుకున్నట్టయింది.

ఇగ నా నోటికి అడ్డు లేకుండవోయింది. రోడ్డు మీద పొయ్యేటోళ్లు ఆగి సూసేటట్టు అర్సిన. "థూ! నీ చేతులు తుడుసుకునే గలీజు గుడ్డ నా బండిల కుక్కి, నాకు ప్లగ్గులు మారుస్తవా? నా పెండ్లాం తొమ్మిదో నెల! నువ్వు మనిషివేనా?"

ఆయన గుడ్డను వేళ్లతోని తిప్పి సూసిండు. "మాది కాదన్నా. మేము పాత బనీన్లు వాడ్తం. గిది చీరెగుడ్డ, అంచు చేతితోని కుట్టిన్రు సూడు."

సూడలే. తప్పు పట్టుడే నౌకరైనోన్ని, గా ఒక్కటి సూడలే. ఆయన చేతులకెళ్లి గుంజుకొని నాలాల పారేసిన. ఆనాడు నీళ్లు పచ్చగున్నయ్. అట్లనే తేలుకుంట పోయింది.

వారం తర్వాత మధ్యాహ్నం నొప్పులొచ్చినయ్. హబ్సిగూడ, తార్నాక దాటి బ్రిడ్జి ఎక్కినం. బండి ఎక్కడా దమ్ము తియ్యకుండ ఎక్కింది. ఆమె సీటు గట్టిగ పట్కొని, అంత నొప్పిల గూడ నవ్వింది.

"సూసినవా ఎట్ల ఎక్కుతుందో! నేను వెట్టిన గుడ్డ మహిమ."

"ఏం గుడ్డ?"

"తిడ్తవని చెప్పలే. నువ్వే అంటివి గదా, పాణం ముక్కుల ఉంటదని. నా చీరె చింపి పాపకు కుట్టిన పొత్తిగుడ్డ ఉండె. సగం పాపతోని మట్టిల వెట్టిన్రు, సగం నేను దాసుకున్న. పాస్టరయ్యతోని ప్రార్థన చేపిచ్చి గా గొట్టంల వెట్టిన. ఉన్నదా గది?"

అక్కకు జరిగినట్టు జరగొద్దని బిడ్డను కడుపుల మోసుకుంట, ఆ పొత్తిగుడ్డ చేతిల పట్కొని, నాకు భయపడి దొంగ లెక్క బానెట్ లేపింది. వాక్యం స్టిక్కర్ గీకకుంటే, రుమాలు ఒళ్లె పారేయకుంటే, అద్దం కాడ కట్టుకునేది. బండి ఊపిరి ఆపింది ఆమె కాదు, నేను.

"ఉన్నది" అన్న.

కొడుకు పుట్టిండు. గట్టిగ ఏడ్సిండు. సాయంత్రం వార్డుల ఆమె మెల్లగ చెయ్యి వట్టి అన్నది: "ఇగో, గా గుడ్డ తెచ్చియ్యి. మంచిగ ఉతికి పిల్లగాని కింద ఏస్త. ఇద్దరూ ఒక్క బట్టల పండినట్టుంటది."

కిందికి పోయిన. బానెట్ లేపిన. ఏమీ లేదని తెలిసి గూడ ఆ గొట్టంల వేళ్లు వెట్టిన. బానెట్ మూసి పైకొచ్చిన.

"లేదే. ఆ ఉస్తాద్ గాడు పారేసినట్టుండు" అన్న.

ఆమె గోడ దిక్కు తిరిగి ఏడ్సింది. తర్వాత ఆ షెడ్డు ముందటికెళ్లి ఎప్పుడు పోయినా మొఖం అటు తిప్పుకునేది. ఆయన మాత్రం నన్ను సూసి, "బండి మంచిగున్నదా అన్నా?" అని అడిగేటోడు. మంచిగున్నదని చెప్పి గేర్ మార్చేటోన్ని. ఆ కారు ఎప్పుడో తుక్కుకు పోయింది. ఆయన పారెయ్యలేదని మాత్రం ఆమెకు ఇంతవరకు చెప్పలే.