సింహం నోటి తూము

చిక్కడపల్లిలో మా తాతగారు కట్టించిన ఒంటి అంతస్తు ఇంటికి మిగిలిన ఒకే ఆభరణం, డాబా అంచున ఉన్న సిమెంటు సింహం. వాన నీళ్లు దాని నోట్లోంచి వీధిలోకి దూకేవి. మా పొలాలు పోయాయి, కారు పోయింది, వెండి పోయింది. సింహం మాత్రం నోరు తెరుచుకుని అలాగే ఉంది. దాన్ని చూస్తే మా వంశమంతా అక్కడే కూర్చున్నట్టుండేది నాకు.

రాష్ట్రం విడిపోవడానికి ముందటి ఏడు, వేసవి పొడుగునా మా ఆవిడది ఒకటే పోరు.

"ఏవండీ, వానలొచ్చేలోగా డాబా ఊడ్పించండి. తూము దగ్గర చెత్త పేరుకుంది. హాలు కప్పు ఇంకో వానకి ఆగదు."

ఆ హాల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే ఇద్దరు యువకులుండేవారు. అశోక్ నగర్ హాస్టళ్లలో చోటు దొరక్క మా ఇంటికొచ్చారు. కిరాయిదార్లు అనడం నాకు నామోషీ. అతిథులనేవాణ్ణి. అతిథులు పుస్తకాలను ఇటుకల మీద పేర్చుకుని, మంచాలను కప్పు మీద మరక లేని వైపు జరుపుకున్నారు. టేకు దూలాల మధ్య గానుగ సున్నం అప్పటికే చెమ్మపట్టి ఉబ్బింది. అది కూలితే వాళ్లు ఇంకెక్కడికైనా వెళ్లగలరు. మళ్లీ అలాంటి కప్పు వేయించడం మాత్రం నావల్ల కాదు.

అయినా డాబా ఊడవలేదు. చుట్టూ ఫ్లాట్లు, అన్ని బాల్కనీల్లోనూ కళ్లు. చీపురుతో కనబడడమా? పనివాణ్ణి పిలిస్తే సింహాన్ని పీకేసి ప్లాస్టిక్ పైపు పెడదామంటాడు. పైగా పొద్దున్నే డాబా మీద పావురాలకు జొన్నలు చల్లడం మా ఇంటి ఆచారం. తాతగారు బస్తాలు తెప్పించి చల్లించేవారు. నేను కాగితం పొట్లంతో వెళ్లి, వెనక బస్తా ఉన్నవాడిలా చెయ్యి బారచాపి చల్లేవాణ్ణి.

తొలి జల్లులకే సింహం నోటి చుట్టూ పచ్చగా మొలకలొచ్చాయి. వీధిలోంచి మీసంలా కనిపించాయి. మా ఆవిడను పిలిచి చూపించాను.

"చూశావా, ఎంత దర్జాగా ఉందో!"

"దర్జా కాదు, మీ జొన్నలు. గొంతు నిండా వేళ్లు పట్టి ఉంటాయి."

ఆడవాళ్లకు కళాదృష్టి తక్కువని సరిపెట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నారాయణగూడ వైపు నుంచి వాన కమ్ముకొచ్చి కుండపోతగా కురిసింది. కాసేపటికే హాల్లోంచి కేక.

"సార్! పైనుంచి కారుతుంది, జల్ది రండి!"

పంచె ఎగ్గట్టి డాబా ఎక్కాను. పిక్కల దాకా నీళ్లు. తూములో భుజం దాకా చెయ్యి పెట్టి లాగితే గుప్పెడు వేళ్లు, నాలుగు ఈకలు వచ్చాయి. నీళ్లు కదల్లేదు. అతిథుల్లో పెద్దవాడు వీధిలో నిచ్చెన వేసుకుని, ఇనుప చువ్వ, సుత్తి పట్టుకుని సింహానికి ఎదురుగా నిలబడ్డాడు. టీ బండి దగ్గరివాళ్లు తడుస్తూనే గుమిగూడారు.

"సార్, చువ్వ లోపటికి పోతలేదు. కింది దవడ పగలగొడితేనే అయితది. కొట్టాల్నా?"

"ఆగవయ్యా! ముందు పుల్లతో మెల్లగా..."

"ఇంక పుల్లేంది సార్! లోపట సున్నం పెళ్లలు రాలుతున్నయ్!"

మెట్ల మీంచి మా ఆవిడ అరిచింది. "మీకు సింహం కావాలా, కప్పు కావాలా?"

వంశం తరఫున గంభీరంగా ఏదో ప్రకటించబోయాను. నోట్లోకి వాననీళ్లు పోయి పొలమారింది. ఆ దగ్గులోనే "కొట్టు" అన్నాను.

రెండు దెబ్బలకు దవడ ఊడింది. బురద, వేళ్లు, నానిన జొన్నలు ఒక్కసారిగా వీధిలో పడ్డాయి. టీ బండి వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరికని నేను అడగలేదు.

కప్పు నిలిచింది. ఓ మూల గంపెడు సున్నం రాలిందంతే. అతిథులు అక్కడ బకెట్టు పెట్టుకుని చదువు సాగించారు.

వాన తెరిపిచ్చాక చీపురు పట్టుకుని నేనే పైకెళ్లాను. నిటారుగా నిలబడే ఊడ్చాను, చెత్త కదల్లేదు. చివరికి నడుం వంచాను. సరిగ్గా అప్పుడే ఎదురు ఫ్లాట్లోంచి ఒకావిడ పిలిచింది.

"ఏంది సార్, మీరే ఊడుస్తున్నరు! మా మిద్దె మీద గూడ నీళ్లు నిలిచినయ్. జర వచ్చి చూస్తరా?"

"ఈ మూల అవగానే వస్తానమ్మా" అన్నాను.