వరమ్మక్క మౌస్ పీకేసిన రోజు

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే నాకు ఇప్పటికీ ఖరగ్‌పూర్ ఖరిదా బజారులోని ఒక ఇరుకు కొట్టు గుర్తుకొస్తుంది. నేనిప్పుడు అదే ఊళ్లో మలంచా వైపు ఒక బడి ఆఫీసులో పనిచేస్తున్నాను. రోజూ ఎన్ని నోటీసులు తీసినా ఆ వెచ్చదనానికి మొదట కళ్ల ముందుకొచ్చేది వరమ్మక్కే. పెళ్లయి శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన మనిషి. భర్త రైల్వే వర్క్‌షాపుకు వెళితే, తాను పెళ్లికార్డులూ కరపత్రాలూ టైపు చేసే కొట్టు నడిపేది. కాలేజీ అయిపోగానే నేను ఆమె దగ్గర పనికి చేరాను.

చేరిన కొన్నాళ్లకే వాననీళ్లలో సైకిలు జారి నా కుడిచేతికి కట్టు పడింది. అప్పటికి నేను ప్రతి పనీ మౌస్‌తోనే చేసేదాన్ని. ఇక రాలేనని చెప్పడానికే కొట్టుకు వెళ్లాను. అక్క కట్టు వైపు చూసి, నొప్పి ఉందా అని అడిగింది. లేదన్నాను.

"అయితే కూకో. ఎడం సెయ్యి ఉన్నాది గదా," అంటూ మౌస్ వైరు పీకి సొరుగులో పడేసింది.

కంట్రోల్ మీట మీద చిటికెనవేలు ఆనించి, వదలకుండా మిగతా వేళ్లతో అక్షరాలు కొట్టమంది. "ఎక్సు సూడు, కత్తెరలాగుంటాది. అది కోసేస్తాది. పక్కన సీ, నకలు తీస్తాది. దాని పక్కన వీ, అంటించేస్తాది. మూడూ నీ ఎడం సేతి కిందే ఉన్నాయి." కోయాల్సిన మాటల్ని ముందు ఎంచుకోవాలి కదా, దానికి చెయ్యి కుడివైపుకు జరిపి, షిఫ్టు నొక్కిపట్టి బాణం మీట కొట్టాలి. మొదట్లో నా చెయ్యి ఆ చివరికీ ఈ చివరికీ పీతలా పాకేది. ఒకసారి కోసిన పేరాను అంటించకముందే ఇంకోటి కోసేసి బిక్కమొహం వేశాను. కంట్రోల్‌తో జెడ్ కొడితే వెనక్కొస్తుందని చెప్పి, అక్క తన పనిలో పడిపోయింది.

ఆ కట్టుతోనే ఉండగా బజారులో బట్టల కొట్టాయన కూతురి పెళ్లికార్డు పని వచ్చింది. తల్లిలేని ఆ పిల్లను పెంచింది మేనత్త. ఆహ్వానించేవారిలో ఆవిడ పేరే ముందుండాలని తండ్రి పట్టుబట్టాడు. వంశంలో పెద్దవాణ్ణి, నా పేరు ముందుండాలని పిల్ల పెదనాన్న. ఆయన పేరు కోసి పైన అంటించాను. తండ్రి ఒప్పుకోలేదు. మళ్లీ కోసి కింద పెట్టాను. నా వేళ్లు తడబడుతున్నాయి. పెదనాన్నకు విసుగొచ్చింది.

"వరమ్మా, ఆ పిల్లకి సెయ్యి బాగోలేదు. నువ్వు సేసీరాదేటి?"

అక్క కుర్చీలోంచి లేవలేదు. "ఆ పిల్లే సేస్తాది, దాదా. ముందు మీరు తేల్చుకోండి."

అంతసేపూ వాళ్ల పక్కన బల్ల మీద కూర్చున్న మేనత్త అప్పుడు లేచి నా వెనక్కి వచ్చింది. రెండు పేర్లూ ఒకే వరసలో పక్కపక్కన పెట్టమంది. కోశాను, అంటించాను. అన్నదమ్ములిద్దరూ తెర మీదికి వంగి చూశారు. "ఠీక్ హై," అన్నాడు పెదనాన్న. వాళ్లు వెళ్లాక అక్కా నేనూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నాం.

అక్క ఇప్పుడు కొట్టు మూసేసి సుభాష్‌పల్లిలో మనవరాలితో కాలక్షేపం చేస్తోంది. మా బడిలో ఇంకో ఏడాదికి రిటైరయ్యే లెక్కల మాస్టారు ప్రశ్నపత్రం తనే టైపు చేసుకుంటానని నా పక్కన కూర్చుంటారు. ఒక్కో మీటా వెతికి వెతికి కొడతారు. కీబోర్డు నా వైపు లాక్కుంటే క్షణంలో అయిపోయే పని. లాక్కోను. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆయన వేలికి ఆ మీట దొరికేదాకా కూర్చుంటాను.