అత్త ఎల్స్‌లో పడింది

మా చెల్లె పెళ్లి తాండూరులో. మేముండేది వికారాబాద్‌లో. చుట్టాలకు ఎవరు ఎక్కడ బండి ఎక్కాలో చెప్పే పని నాకు పడింది. అందరికీ ఫోన్లు చేయడానికి బద్ధకమేసి, కొత్తగా నేర్చుకున్న పీహెచ్‌పీ కోడింగ్‌తో ఒక వెబ్ పేజీ రాసి లింకు వాట్సాప్‌లో పంపాను. చుట్టం తన ఊరి పేరు కొడితే చాలు, మిగతాది షరతులు చూసుకుంటాయి. ఇఫ్ మోమిన్‌పేట్, బస్టాండు దగ్గర బస్సు. ఎల్స్ ఇఫ్ కొడంగల్, మార్కెట్ దగ్గర జీపు. ఈ రెండూ కాకపోతే ఎల్స్: "మీ ఊరికి బండి లేదు. మీరే రాగలరు."

పరీక్షకని వికారాబాద్ అని కొట్టాను. నాకూ బండి లేదంది. పక్షపాతం లేదని మురిసిపోయాను.

నాన్న చెల్లెలు, అంటే మా మేనత్త వాళ్లకు గొర్లున్నాయి. కోతలయ్యాక రైతులు ఎరువు కోసం పిలిచిన చేలల్లో మంద పెడుతూ తిరుగుతారు. అత్త ఊరి పేరు దగ్గర నిజాయితీగా "మంద యాడుంటె ఆడ" అని కొట్టింది. సర్వర్‌కు గొర్ల సంగతి తెలియదు, ఎల్స్‌లో పడేసింది.

కాసేపటికే నాన్నకు ఫోన్.

"అన్నా, బండి లేదట గదా. గొర్లు యాడికైన నడుస్తయి, నీ చెల్లె గూడ నడుస్తదనుకున్నవా? నేను రాను పో."

మా ఇళ్లలో మేనత్త చెయ్యి పడనిదే పెళ్లికూతురికి పసుపు మొదలు కాదు. అమ్మ పొయ్యి ఆపేసింది. చెల్లె నావైపు చూసి, "అత్త రాకుంటె నీ కంప్యూటరే రాస్తదా నాకు పసుపు?" అంది.

"గా ఎల్స్ అంటే ఏంది రా?" అన్నాడు నాన్న.

"దేంట్ల పడనోళ్లు, నాయినా."

"నా చెల్లె దేంట్ల పడదా?"

మంద అప్పుడు కోట్‌పల్లి దగ్గర ఉంది. "కోట్‌పల్లి అని ఇంకో ఎల్స్ ఇఫ్ పెడత," అన్నాను.

"ఇయ్యాల కోట్‌పల్లి. రేపు మంద ఇంకో చేన్ల ఉంటది. దినాం రాసుకుంట కూసుంటవా?"

అందుకని ఎల్స్‌లోని మాటే మార్చాను: "మీరెక్కడున్నారో చెప్పండి. మేమే వచ్చి తీసుకుపోతాం." కింద నా నంబరు. అత్త అది చదివి, "రాసినోడే రావాలె," అంది.

కారు వేసుకుని పోయాను. కోట్‌పల్లి దాటాక ఒక కంది చేను గట్టు దగ్గర మామ కనిపించాడు.

"ఏం అల్లుడా, పెండ్లి పిలుపుకొచ్చినవా, పొట్టేలు బేరానికొచ్చినవా?"

అత్త అప్పటికే పట్టుచీర కట్టుకుని, సంచీ సర్దుకుని, గట్టు మీద కూర్చుని ఉంది. రానన్న మనిషి అలక అంతవరకే.

"ముంగటి సీటు నాది. పసుపు నేనే కలుపుత. మల్ల మంద కాడనే దించాలె. ఒప్పుకుంటెనే ఎక్కుత."

"మూడూ ఒప్పుకోవాలెనా అత్తా, ఒకటైతె చాలా?"

"మూడూ."

ఎక్కింది. దారి పొడుగునా గొర్ల వాసన, అత్త కబుర్లు. మర్నాడు పొద్దున చెల్లె చెంపలకు పసుపు రాస్తూ, "బిడ్డా, సల్లగుండు," అని కళ్లు తుడుచుకుంది. చెల్లె ఏడుస్తుంటే ఆ పసుపు చేత్తోనే నా మొహం కూడా పులిమింది. ఆ అవతారంలోనే ఫోన్లు ఎత్తాను. ఎల్స్‌లో నా నంబరు చూసి, సొంత కార్లున్న చుట్టాలు కూడా వచ్చి తీసుకుపొమ్మంటున్నారు.