శాసనంలో చివరి నాలుగు పంక్తులు

1978 జూన్‌లో నన్ను వరంగల్‌కు బదిలీ చేశారు. హోదా శాసన విభాగంలో టెక్నికల్ అసిస్టెంట్. అంటే పూర్వం రాజులూ సామంతులూ రాళ్ల మీద చెక్కించిన రాతలను కాగితం మీదికి అచ్చు తీసి, చదివి, పైవారికి పంపేవాణ్ని. నా పైన అసిస్టెంట్ డైరెక్టర్ గారు ఉండేవారు. నేను చదివినదాన్ని తాను చదివినట్టుగా ఇంకా పైవారికి పంపడం ఆయన బాధ్యత. నా కింద అటెండర్ ఖాజామియా. బకెట్టు, బ్రష్షులు, సిరా డబ్బా ఆయన మోసేవాడు. మా ముగ్గురిలో చేతికి మసి అంటేది ఇద్దరికే.

సుబేదారిలో ఒక అద్దె ఇల్లు మా ఆఫీసు. హనుమకొండ చౌరస్తాలో మా నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. కొడుకు సొంతూరికే ఆఫీసరై వచ్చాడని ఆయన వారం రోజులు సంతోషించి, తర్వాత ఒకనాడు నేను చేసే పని ఏమిటో వివరంగా అడిగారు. చెప్పాను.

"రాళ్లు సదువుడు గూడ నౌకరేనా బిడ్డా? అవి ఏడికన్న ఉరికిపోతయా, గవర్నమెంటుకు గంత ఫికరు?" అన్నారు.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతకంటే మంచి ప్రశ్న ఏ ఆడిట్ పార్టీ అడగలేదు.

మా జిల్లాలో కాకతీయుల మీద అభిమానానికి కొదవ లేదు. సైకిల్ దుకాణానికీ సోడా బండికీ కూడా వారి పేరే. కోటలోని తోరణాలు క్యాలెండర్ల మీద ఉండేవి. ఆ సామ్రాజ్యం తిన్న అన్నం మాత్రం తోరణాల కింద పండలేదు, చెరువుల కింద పండింది. రాజు, ఆయన సేనానులు, వాళ్ల చెల్లెళ్లు, వ్యాపారులు, ఎవరికి వీలైతే వారు చెరువు తవ్వించి, ఆ సంగతి రాతి మీద రాయించారు. చెరువు తవ్వించినవాడి పేరు శాసనంలో పైన ఉంటుంది. రోజూ పొద్దున లేచి తూము తెరిచి, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో చూసి, మళ్లీ మూసేవాణ్ని మా వైపు నీరటి అంటారు. ఆయన క్యాలెండర్ల మీద ఉండడు.

1979 వేసవిలో ములుగు రోడ్డు వైపు ఒక ఊరి దొర మా ఆఫీసుకు ఉత్తరం రాశారు. ఊరి పేరు చెప్పను. ఆ కుటుంబంలో ఇప్పుడున్నవారు మర్యాదస్తులు. ఉత్తరం సారాంశం ఇది. తమ చెరువు కట్ట మీద కాకతీయుల నాటి శాసనం ఉంది. తూము కింది మడిని ఆనాటి చక్రవర్తి తమ వంశపు మూలపురుషుడికి దానం చేసినట్టు అందులో రాసి ఉందని తాతల నాటి నుంచి వింటున్నారు. కనుక ప్రభుత్వం దాన్ని చదివి, ముద్ర వేసి, ధ్రువపత్రం ఇవ్వవలసింది.

రాళ్లను చదివించుకోవాలని ఒక దొరకు ఇంత ఆత్రం ఎందుకో మా అసిస్టెంట్ డైరెక్టర్ గారికి అనుమానం రాలేదు. ఉత్తరం చివర సభ పెడతామనీ, ముఖ్య అతిథి వారేననీ ఉంది. ఆయన అక్కడే ఆగిపోయారు. నాకూ ఖాజామియాకూ మూడు రోజుల క్యాంపు మంజూరైంది.

దొర మర్యాదకు లోటు చేయలేదు. మేడ మీద గది, పూటపూటా మాంసం, పడుకోవడానికి పందిరి మంచం. ఖాజామియాకు కూడా మంచం వేయించారంటే ఆ శాసనం విలువ ఎంతో అర్థం చేసుకోవచ్చు. "నీ పని నువ్వు చేస్కో సారు. మాకు తెల్వని ముచ్చటేం గాదు, సర్కారు నోటెంట రావాలె, గంతే" అన్నారు దొర.

కట్ట మీద రాయి నిలువెత్తున ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. అవి ఉన్నంత కాలం ఈ దానం ఉంటుందని దాని అర్థం. కింద నిధి ఉందనడానికి గుర్తని ఊరివాళ్ల అర్థం. వాళ్ల లెక్కన రాయి మొదలు చుట్టూ మూడు గోతులు తవ్వి ఉన్నాయి. పొద్దున్నే రాయిని కడిగి, నాచు గీకి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో కొట్టాం. కాగితం కొంచెం ఆరాక సిరా అద్దిన గుడ్డ ముద్దతో పైపైన తట్టాం. అక్షరం ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపు వస్తుంది. పని తేలికే. గాలి వస్తే మాత్రం చక్రవర్తి కూడా ఎగిరిపోతాడు.

గాలికి కాగితం లేచినప్పుడు ఒక మూల గట్టిగా పట్టుకుని ఆపిన ఎల్లమ్మ నాకు అలా పరిచయమైంది. యాభై దాటిన మనిషి. మోకాళ్ల దాకా బురద. ఆ ఊరి నీరటి ఆమే. భర్త పోయి నాలుగేళ్లయింది. తూము పని ఆమెకు మిగిలింది, తూము కింద వాళ్లు తరతరాలుగా దున్నుకున్న మడి మిగల్లేదు. శాసనంలో తమ వంశం పేరుందని దొర దాన్ని కలుపుకున్నారు. ఆమె తహసీలు కచేరీలో అర్జీ పెట్టుకుంది. రెండు వాయిదాలు అయిపోయాయి, తర్వాతి విచారణ వచ్చే నెల. దొర ఉత్తరం అర్థం నాకు అప్పుడు తెలిసింది.

"సారు, జర నిజం జెప్పు. గీ రాతిల మా మడి ముచ్చట ఉన్నదా? దొరదని రాసి ఉంటే ఒడిసిపాయె. నేను ఇంక కచేరీ సుట్టు తిరుగ" అంది.

చదివినది ప్రచురించేదాకా బయటి వ్యక్తులకు చెప్పరాదని మాకు నియమం ఉంది. అప్పటికి నేనింకా చదవలేదన్నది కూడా నిజమే. రెండు నిజాల వెనక దాక్కుని, "ఆఫీసుకు పోయాక తెలుస్తుందమ్మా" అన్నాను. ఆమె కాగితం మూల వదలలేదు. అచ్చు ఆరేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. మేము దిగువన దొర ఇంటికి భోజనానికి వెళ్లాం.

ఆఫీసులో చదవడానికి పన్నెండు రోజులు పట్టింది. ఇరవై రెండు పంక్తులు. మొదటి పద్దెనిమిది పంక్తుల్లో చక్రవర్తి బిరుదులు, ఆయన సామంతుడి బిరుదులు, ఆ సామంతుడి తండ్రి బిరుదులు. దొర గారి మూలపురుషుడు ఎక్కడా లేడు. విషయం చివరి నాలుగు పంక్తుల్లో ఉంది. తూము కాచే నీరటివారికి, వారి సంతతికి, తూము కింది నీరునేల ఆచంద్రార్కంగా ఇచ్చినట్టు, దాన్ని అపహరించినవాడు పురుగై పుట్టేట్టు. 'నీరటి' అన్న మాటలో మొదటి అక్షరం మీద దెబ్బ తగిలి ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం రెండు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాను. చివరికి సందేహం లేదు. నీరటే. ఏడు వందల ఏళ్లలో చక్రవర్తి బిరుదులన్నీ పోయాయి, ఈ ఉద్యోగం పేరు మాత్రం అలాగే ఉంది.

నా నివేదికను అసిస్టెంట్ డైరెక్టర్ గారికి ఇచ్చాను. ఆయన మొదటి పేజీ చూశారు. బిరుదుల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుని, "అద్భుతం, నా ఉపన్యాసానికి సరిపోతుంది" అన్నారు. రెండో పేజీ కూడా చూడమని చెప్పాను. సభ తర్వాత చూస్తానన్నారు. ఉద్యోగరీత్యా నా కర్తవ్యం అంతటితో ముగిసింది. నాకు చాలా తేలిగ్గా అనిపించిందని ఒప్పుకోవాలి.

సభ దొర ఇంటి ముందు జరిగింది. షామియానా, మైకు, కుర్చీలు ఏర్పాటు చేశారు. ఊరంతా కింద కూర్చుంది. అసిస్టెంట్ డైరెక్టర్ గారు కాకతీయ వైభవం మీద గంటసేపు మాట్లాడారు. శిల్పాలు, ఏనుగులు, ముత్యాలు, విదేశీ నౌకలు అన్నీ వచ్చాయి. చెరువు ఒకసారి వచ్చింది, ఉపమానంగా. తర్వాత నన్ను శాసనం చదవమన్నారు.

బిరుదులు చదివాను. పద్దెనిమిదో పంక్తి దగ్గర ఊపిరి కోసం ఆగాను. అయిపోయిందనుకుని అసిస్టెంట్ డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు, దొర కొట్టారు, జనం కొట్టారు. అక్కడ కూర్చుంటే సరిపోయేది. తర్వాత ఎందుకు చదివావని నన్ను చాలామంది అడిగారు. ధైర్యం అని చెప్పుకునే అవకాశం ఉంది గానీ అది అబద్ధం. రెండు రోజులు భూతద్దంతో సాధించిన అక్షరం, అది ఎవరూ వినకుండా పోవడం నాకు నచ్చలేదు. ఒక మూల ఎల్లమ్మ నిలబడి ఉంది. ఆమె చప్పట్లు కొట్టలేదు. మళ్లీ మైకు దగ్గరికి వంగాను.

ఆ పాత తెలుగు ఎవరికీ అర్థం కాలేదు. కానీ 'తూము' అన్న మాట వచ్చింది. వెంటనే 'నీరటి' వచ్చింది. జనంలో కదలిక వచ్చింది.

"మల్ల సదువుండ్రి" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మళ్లీ చదివాను. ఈసారి ఎల్లమ్మ కుర్చీల దాకా వచ్చింది. "మా పేరే గద సారు అది? ఏమని రాసిండ్రు? మాకు సమజయ్యేటట్టు చెప్పు."

నియమం గుర్తొచ్చింది. కాని అప్పటికే మైకులో రెండుసార్లు చదివినదాన్ని రహస్యం అనడానికి మా శాఖకు కూడా కష్టమే. వాడుక తెలుగులో చెప్పాను. ఆ మడి తూము కాచేవాళ్లదని రాజు రాయించాడన్నాను. పురుగు సంగతి వదిలేద్దామనుకున్నాను. ఒక ముసలాయన, "గీ ముచ్చట ఎవలన్న కాదంటే ఏమైతదని రాసి లేదా?" అని అడిగాడు. అది కూడా చెప్పాల్సి వచ్చింది.

దొర మొహం ఎర్రబడింది. "రాయి మాది, కట్ట మాది, అండ్ల రాత మాది కాదంటవా?" అన్నారు. చరిత్ర మీద నేను విన్న వాదాల్లో అంత స్పష్టమైనది మరొకటి లేదు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ "నీ బాంచెన్" అని చేతులు కూడా కట్టుకోలేదు. ఆ ఊళ్లో అది కొత్త.

వచ్చేటప్పుడు దొర జీపు వచ్చింది. పోయేటప్పుడు అది చెడిపోయింది. బస్సు దొరికే రోడ్డు దాకా నాలుగు మైళ్లు నడిచాం. అసిస్టెంట్ డైరెక్టర్ గారి మెడలో దండ ఇంకా ఉంది, తీయడం మరిచిపోయారు. రెండు మైళ్లు నడిచాక ఒక్క మాట అన్నారు. "ఆ నాలుగు పంక్తులు శిథిలమని చుక్కలు పెట్టాల్సిందయ్యా."

శాసనంలో చదవడానికి వీల్లేకుండా పోయిన అక్షరాలకు బదులు మేము చుక్కలు పెడతాం. ఆ చుక్కలకు ఇన్ని ఉపయోగాలుంటాయని నాకు శిక్షణలో చెప్పలేదు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. శాఖ పూర్వానుమతి లేకుండా శాసనంలోని విషయాన్ని బహిరంగపరచినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసింది. సదరు విషయాన్ని కట్ట మీద బహిరంగంగా నిలబెట్టింది నేను కాదనీ, ఆ పని చేసిన అధికారి ప్రస్తుతం సర్వీసులో లేరనీ జవాబు రాశాను. ఆ సంవత్సరం ఇంక్రిమెంటు ఆగింది. ఇంట్లో ఈ సంగతి తెలిసి మా నాన్న మొదటిసారి నా ఉద్యోగం గురించి పక్క దుకాణాల్లో గొప్పగా చెప్పుకున్నారు.

ఈలోగా శాసనానికి కట్ట మీద భద్రత లేదనీ, ప్రభుత్వం తీసుకుపోవాలనీ దొర అర్జీ పెట్టారు. మా శాఖ చరిత్రలో అంత త్వరగా వచ్చిన ఉత్తర్వు లేదు. రాయిని లారీలో తెచ్చి సుబేదారి ఆఫీసు ఆవరణలో దింపారు. రాత ఉన్న ముఖం గోడ వైపు పెట్టారు. ఖాజామియా చూసి, "దీనికి గూడ మెమో ఇచ్చిండ్రా సాబ్?" అన్నాడు.

విచారణకు ముందు రోజు ఎల్లమ్మ ఆఫీసుకు వచ్చింది. ఊరివాళ్లు నలుగురు వెంట ఉన్నారు. ఖాజామియా, నేను, ఆ నలుగురు కలిసి రాయిని తిప్పాం. "ఏడున్నది మా పేరు?" అని అడిగింది. ఆమె వేలు పట్టుకుని ఆ దెబ్బతిన్న అక్షరం మీద పెట్టాను. చాలాసేపు తడిమింది. "గింత సన్నగనా!" అంది. బిరుదులు ఎంత పొడవున్నాయో ఆమెకు నేను చెప్పలేదు.

మర్నాడు తహసీల్దారు నా నివేదిక తీసుకోలేదు. ఏడు వందల ఏళ్ల కిందటి రాయి రెవెన్యూ రికార్డు కాదు, చక్రవర్తి సాక్ష్యానికి రాలేడు అన్నారు. చట్టప్రకారం ఆయన సరిగ్గానే అన్నారు. తర్వాత, మొన్నమొన్నటి దాకా ఆ మడి ఎవరు దున్నేవారో చెప్పగల మనుషులు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అంతకుముందు రెండు వాయిదాల్లో ఆ ప్రశ్నకు ఎవరూ లేవలేదు. రాతిలోనే దొరదని ఉంటే మనం లేచి ఏం లాభం అనుకున్నారట. ఈసారి వెంట వచ్చిన నలుగురూ లేచారు. సభలో పురుగు సంగతి అడిగిన ముసలాయన అందరికంటే ముందు లేచి, ఎల్లమ్మ మామ నాగలి పట్టింది తాను చూశానన్నాడు.

మడి ఆమె చేతికి రావడానికి ఇంకా రెండేళ్లు పట్టింది. దొర అప్పీలు చేశారు, అది కూడా నిలవలేదు. ఆ తీర్పులో శాసనం ప్రస్తావన ఒక్క ముక్క లేదు.

నా పాఠం చాలా ఏళ్ల తర్వాత మా శాఖ వార్షిక నివేదికలో ఇంగ్లీషులో వచ్చింది. బిరుదులకు పేజీన్నర, దానానికి ఒక వాక్యం. ఆ ఒక్క వాక్యంలోనూ అచ్చుతప్పు పడి, 'వాటర్‌మెన్' కాస్తా 'వాషర్‌మెన్' అయి, నేలను నీరటివారికి కాక చాకలివారికి ఇచ్చినట్టయింది. సవరణ పంపాను. అది వచ్చే సంచికలో వస్తుందని జవాబు వచ్చింది. నేను రిటైరయ్యేదాకా రాలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఒక పద్ధతి మాత్రమే. తర్వాత నా దగ్గర శిక్షణకు వచ్చిన కుర్రవాళ్లందరికీ అదే చెప్పేవాణ్ని. అచ్చు చేతికి రాగానే కింది నుంచి మొదలుపెట్టండి. ఎవరికి ఇచ్చారు, ఏం ఇచ్చారు, హద్దులేమిటి అన్నవి ముందు చదవండి. కట్ట మీద ఎవరైనా నిలబడి అడుగుతుంటే, చదివింది చదివినట్టు చెప్పండి. బిరుదులు మెల్లగా చదువుకోవచ్చు. వాటి కోసం ఎవరూ కచేరీ చుట్టూ తిరగడం లేదు.