బర్రె తిన్న మలీద

తాండూరు బజార్ల ఊదు వాసన తగిలితే ఇప్పటికీ నా నోరు చేదయితది.

పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు, నాకు ఏడేండ్లప్పుడు, జ్వరం పట్టి వదల్లేదు. నాయనమ్మ పీరీలకు మొక్కింది. పీరీని ఎత్తుకునే ఖాసీంసాబ్ ఇచ్చిన ఊదు బూడిద నా నొసట పెట్టి, నాలుక మీద గూడ వేసింది. జ్వరం తగ్గింది.

పీరీల పండుగనాడు ఖాసీంసాబ్ భార్య బీబమ్మ, రొట్టెల బెల్లం కలిపి దంచిన మలీద తెచ్చింది. నాయనమ్మ నవ్వుకుంట తీసుకున్నది. బీబమ్మ వాకిలి దాటంగనే అంతా బర్రె కుడితిల కలిపి చేతులు కడుక్కున్నది. బర్రెకు గూడ జ్వరమొచ్చిందేమో అనుకున్న.

మర్నాడు ఉరికిపోయి చెప్పిన. "బీబమ్మా, మీ మలీద మొత్తం మా బర్రె తిన్నది. ఇగ దానికి గూడ మంచిగైతది!"

బీబమ్మ "మంచిది బిడ్డా" అని తల నిమిరింది.

మరుసటేడు పండుగకు ఆమె రాలేదు. కాగితంల చుట్టిన బూడిద మాత్రం పంపింది. నాయనమ్మ దాన్ని కండ్లకద్దుకొని అందరి నాలుకల మీద వేసింది. మలీద ఏదని ఇంట్ల ఒక్కరూ అడగలేదు. ఎనిమిదేండ్లకే, అడగొద్దని నాకు గూడ తెలిసిపోయింది.