పదకొండుకీ ఒకటికీ మధ్య

బుడ్డోడికి నలభై దగ్గరపడుతున్నాయి. నెత్తిన జుట్టు సెలవు తీసుకుంటోంది, పొట్ట మాత్రం కొత్తగా కొలువులో చేరింది. ఆఫీసులో వాణ్ణి సార్ అని పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. అయినా అక్క నోట ఇప్పటికీ బుడ్డోడే. అక్క వాడికంటే పదేళ్లు పెద్ద. అమ్మ ఉద్యోగానికి వెళ్లిపోతే వాడికి తల దువ్వి, లెక్కలు చెప్పి, వీపు మీద రెండు చరిచి బడికి పంపింది ఆవిడే. ఆ హక్కుతో పెట్టిన పేరు కాబట్టి మనమూ బుడ్డోడనే అందాం, పోయేదేముంది.

అక్కకి ఇరవై రెండో ఏట చూపు పోయింది. కళ్లలో ఒత్తిడి పెరిగి, కొంచెం కొంచెంగా మసకబారి, చివరికి మొత్తం చీకటైంది. ఏడుస్తూ కూర్చునే రకం కాదావిడ. ఆసుపత్రిలో ఫోన్లు కలిపే బల్ల దగ్గర ఉద్యోగం సంపాదించుకుంది, సొంతంగా చిన్న ఫ్లాటు తీసుకుంది, పెళ్లి మాటెత్తిన చుట్టాల నోళ్లు మూయించింది. దారిన పోయేవాళ్లెవరైనా జాలిపడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతే, "నేను అటు వెళ్లట్లేదండీ, ఇక్కడ బస్సు కోసం నిలబడ్డాను" అనేది. ఒక్క రంగుల దగ్గరే ఆవిడకి ఇంకొకరి అవసరం పడేది. ఏ గుడ్డ ఏ రంగో తెలుసుకోవడానికి పొద్దున్నే పక్కింటి తలుపు తట్టాలంటే ప్రాణం చచ్చిపోయేది.

అందుకే బుడ్డోడు ఆ ప్రోగ్రాం రాశాడు. ఫోను కెమెరా గుడ్డకి ఎదురుగా పెడితే అది ఏ రంగో పైకి చెబుతుంది. గుడ్డంతటా వెలుగు ఒక్కలా పడదు కదా. అందుకని ఫోను వెలుగున్న చోట ఒకసారి, నీడ ఉన్న చోట ఒకసారి చూసి, ఆ రెండు రంగులకీ సరిగ్గా మధ్య రంగేదో లెక్కగట్టి దాని పేరు చెబుతుంది. అక్క మురిసిపోయి ఇంట్లో ఉన్న గిన్నెలకీ గోడలకీ కూడా చూపించింది. తర్వాత చూపు లేని వాళ్లు చాలామంది దాన్ని తమ ఫోన్లలో పెట్టుకున్నారు. ఆఫీసులో అందర్నీ పోగేసి, చప్పట్లు కొట్టి, వాడి చేతిలో బహుమతిగా ఒక గాజు బొమ్మ పెట్టారు. ఇక మనవాడు నేల మీద నడవడం మానేశాడు.

సరిగ్గా ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది.

ఆ ఫోను సంగతి తెలియాలంటే ముందు శాలువా సంగతి తెలియాలి. అక్క చూపు తగ్గుతున్న రోజుల్లో అమ్మ మంచం పక్కనే కూర్చుని ఆవిడ కోసం ఎర్రటి ఊలుతో శాలువా అల్లింది. మిగతా రంగులన్నీ బూడిదరంగులోకి జారిపోయినా, అమ్మ ఒళ్లో ఆ ఎర్రటి ముద్ద మాత్రం అక్కకి చాలాకాలం కనిపించేది. అదే అల్లికతో అమ్మ తమ ఇంట్లోనే ఉండే పిన్నికి ఇంకోటి అల్లింది, సముద్రం రంగుది. అమ్మా పిన్నీ పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ, పిన్ని కూతురు ఒకటి తన సంచీలో వేసుకుని, రెండోది అక్క చేతిలో పెట్టింది. తర్వాత ఆ పిల్లతో రాకపోకలు తెగిపోయాయి. తడిమి చూస్తే రెంటికీ తేడా లేదు. అరిగిపోతుందని అక్క దాన్ని కప్పుకోకుండా బట్టల అడుగున దాచుకుంది. ఇన్నేళ్ల తర్వాత బయటికి తీసి, సరదాకి ఫోనుకి చూపించింది.

"ఒరేయ్ బుడ్డోడా, అమ్మ అల్లిన శాలువాని నీ ఫోను సముద్రం రంగంటోందిరా. నాది ఎర్రది కదా?"

వాడు మీటింగులో ఉన్నాడు. లేచి తలుపు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఫోన్ అలా చెప్పిందంటే అదే అయ్యుంటుందక్కా. పిన్నిదీ నీదీ తారుమారై ఉంటాయి" అన్నాడు.

"ఒకసారి ఎరుపని కూడా అందిరా. ఆ పిల్ల నా చేతిలో పెడుతూ 'ఇదిగో నీ ఎర్రది' అంది, నాకు బాగా గుర్తు."

"వెలుగు సరిగ్గా లేక అలా అనుంటుంది. ఆ పిల్లంటావా, హడావిడిలో చూసుకోకుండా ఇచ్చుంటుంది. ఎప్పటి రంగులో అక్కా అవి, నీకు సరిగ్గా గుర్తుండకపోవచ్చు."

"అంతేనేమోలే" అని అక్క పెట్టేసింది.

ఆ చలికాలంలో ఒక ముసలావిడ కొడుకుని ఆసుపత్రిలో చేర్చి, వానలో తడిసిన బట్టలతోనే అక్క బల్ల పక్కన బెంచీ మీద వణుకుతూ కూర్చుంది. పళ్లు టకటకలాడడం అక్కకి వినిపించింది. మర్నాడు శాలువా తీసుకెళ్లి ఆవిడకి కప్పేసింది. "నాది కానిది దాచుకుని ఏం చేసుకుంటానురా" అని బుడ్డోడికి చెప్పింది. "మంచి పని చేశావక్కా" అన్నాడు వాడు. ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి.

అసలు గుట్టు ఒక గొడుగు బయటపెట్టింది. సెలవురోజు వాడి భార్య ఆ ప్రోగ్రాంతో ఇంట్లో సామానుకి రంగులు చెప్పిస్తూ ఎర్ర గొడుగు దగ్గర ఆగిపోయింది. "ఏవండీ, ఇది మన గొడుగుని సముద్రం రంగంటోంది. ముందు దీనికి కళ్లజోడు కొనిపెట్టండి" అంది నవ్వుతూ. వాడూ నవ్వబోయాడు. సముద్రం రంగనే మాట అప్పుడు చెవికెక్కింది. కంప్యూటరు తెరిచి ప్రోగ్రాం ముందేసుకున్నాడు.

వాడి లెక్కలో రంగులన్నీ గడియారం ముఖంలా గుండ్రంగా పేర్చి ఉంటాయి. పన్నెండు దగ్గర ఎరుపు, నాలుగు దగ్గర ఆకుపచ్చ, ఎనిమిది దగ్గర నీలం. రెండు రంగుల మధ్యది కావాలంటే ఆ రెండు అంకెలూ కలిపి సగం చెయ్యమని రాశాడు. మూడుకీ అయిదుకీ మధ్య నాలుగు, ఏ గొడవా లేదు. కానీ ఎర్రటి గుడ్డ వెలుగులో కాస్త నారింజ వైపుకీ, నీడలో కాస్త ఊదా వైపుకీ జరుగుతుంది. అంటే ఒకటి ఒకవైపు, పదకొండు ఒకవైపు. వాటి మధ్య ఉన్నది పన్నెండే అని గడియారం చూడ్డం వచ్చిన ఎవరైనా చెబుతారు. వాడి ప్రోగ్రాం మాత్రం పదకొండూ ఒకటీ కలిపి, సగం చేసి, ఆరు అంది. ఆరు దగ్గర ఉన్నది సముద్రం రంగు. రెండు చూపులూ ఒకే పక్కన పడ్డప్పుడు మాత్రం ఎరుపని నిజం చెప్పేది. మిగతా రంగులన్నిటికీ లెక్క సరిపోయింది, ఒక్క ఎరుపుకే తప్పింది.

గుండ్రంగా తిరిగే అంకెల్ని అలా కలపకూడదని వాడికి తెలియక కాదు. చూసుకోలేదు, అంతే. దిద్దడానికి ఎంతసేపు పట్టింది? పక్కనున్న టీ చల్లారకముందే అయిపోయింది. గొడుగు ఎర్రబడింది. ఫోన్లన్నిటికీ కొత్త ప్రోగ్రాం పంపిస్తూ, చిన్న లోపం సవరించామని ఒక ముక్క రాశాడు. చిన్న లోపమట.

"మీ అక్కకి చెప్పారా?" అని భార్య అడిగింది. "చెప్తానులే" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో ఆ మూలకీ ఈ మూలకీ తిరిగాడు. చెప్పకపోతే అక్కకి ఎప్పటికీ తెలియదు. శాలువా లేదు, ఫోను ఇప్పుడు నిజమే చెబుతోంది, ఇక అడిగేదెవరు? ఆ ఆలోచన వచ్చినందుకు వాడికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు.

చివరికి అక్క ఇంటికి వెళ్లాడు. ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఒక్కోదాన్నీ ఎత్తి ఫోనుకి చూపిస్తోంది, అది చెప్పాక పక్కన పెడుతోంది. అంచు చిరిగిన తువ్వాలుని కూడా చూపించింది.

"అది పసుపుదని నీకు తెలుసుగా అక్కా. అంచు తడిమితే చెప్పేస్తావు."

"తెలుసనుకునేదాన్నిరా. శాలువా సంగతి తేలాక నా గుర్తుల్ని నేను నమ్మడం మానేశాను. మన పాత ఇంటి తలుపు ఆకుపచ్చదనుకుంటాను, అది కూడా కాదేమో. అమ్మ కళ్లు తేనెరంగులో ఉండేవనుకుంటాను. ఏమో, అదీ నేను కల్పించుకున్నదేనేమో."

శాలువా ఒక్కటే పోయిందనుకున్నాడు బుడ్డోడు ఇన్నాళ్లూ.

"అక్కా, నీ శాలువా ఎర్రదే" అన్నాడు. ఇక ఆగకుండా గడియారం సంగతీ, గొడుగు సంగతీ, వారం రోజులుగా నోరు విప్పని సంగతీ మొత్తం కక్కేశాడు. "తప్పు నా లెక్కదక్కా. నీ గుర్తుది కాదు."

అక్క చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "అయితే తలుపు?"

"ఆకుపచ్చే."

"అమ్మ కళ్లు?"

"తేనెరంగే. నావీ అంతే."

అక్క నవ్వింది. చాలాకాలం తర్వాత అంత హాయిగా నవ్వింది. మెట్లకి వేసిన రంగు, పిన్ని చేతిసంచీ, బుడ్డోడు పోగొట్టుకున్న సైకిలు, వరసగా అడిగింది. అన్నిటికీ అవునన్నాడు. చివరికి నవ్వు ఆగి, "ఆ ముసలావిడ కొడుకు నయమై వెళ్లిపోయాడురా. ఏ ఊరో కూడా అడగలేదు నేను" అంది.

మళ్లీ ఆవిడే అడిగింది. "అమ్మ అది అల్లుతుంటే నువ్వు ఊలు ఉండ పట్టుకుని పక్కనే కూర్చునేవాడివి. నీ చేతుల్లోంచే వెళ్లింది ఆ ఊలంతా. నీకూ గుర్తులేదా, ఎర్రదని?"

"గుర్తుంది."

"నేను ఫోన్ చేసిన రోజున కూడా గుర్తుందా?"

గుర్తుంది. మీటింగు గది తలుపు దగ్గర నిలబడి, అక్క అడగ్గానే, ఒళ్లో దొర్లిన ఎర్రటి ఉండ కళ్ల ముందు కదిలింది. ఆ వారమే చేతికొచ్చిన గాజు బొమ్మ అప్పుడింకా ఆఫీసు బల్ల మీదే ఉంది. తన ప్రోగ్రాం తప్పనడం ఇష్టంలేక అక్కనే తప్పన్నాడు.

"గుర్తుందక్కా" అన్నాడు తలదించుకుని.

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేదని వాడికి అనిపించింది. తువ్వాలు మడతపెట్టి, పసుపు బట్టల మీద తనే పెట్టింది, ఫోనుకి చూపించకుండా. తర్వాత వాడి భుజం తడిమి చొక్కా అంచు పట్టుకుంది.

"ఇదేం రంగురా?"

"నీలం."

అక్క రెండో చేత్తో ఫోను తీసి చొక్కాకి ఎదురుగా పెట్టింది. ఫోను కూడా నీలమనే చెప్పింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టేసి, "ఏమీ అనుకోకురా. ఇకనుంచి నువ్వు చెప్పేదీ వింటాను, అది చెప్పేదీ వింటాను. ఏది నిజమో నేనే తేల్చుకుంటాను" అంది. టీ పెట్టడానికి లేచి వంటింట్లోకి వెళ్లింది. వాడు మిగిలిన బట్టలు మడతపెడుతూ కూర్చున్నాడు.