పక్కనుంచి చూస్తే

గుంటూరులో నగల దుకాణం అమ్మాయి ఒపల్ ఉంగరం చేతికిస్తే, దాన్ని పక్కకి వంచి చూశాను. ఆ అలవాటు నాకు ఏడేళ్లప్పుడు అబ్బింది.

మా మామయ్య చీమకుర్తి క్వారీలో పనిచేసేవాడు. అక్కడే దొరికిన రాయని చెప్పి అత్తయ్యకు ఒపల్ ఉంగరం తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే బండ మీదపడి చనిపోయాడు. పాలరంగు రాయి కదిలినప్పుడల్లా లోపల ఎరుపూ పచ్చా మెదిలేవి. మామయ్యే అందులో ఉండి కదులుతున్నాడని నేను నమ్మాను. అత్తయ్య ఆ చేత్తో అన్నం కలిపి పెడితే నాకు తినబుద్ధయ్యేది కాదు.

అత్తయ్య చిక్కిపోయి ఉంగరం జారిపోతుంటే, బిగించడానికి ఒంగోలు వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. కంసాలి భూతద్దంతో చూశాడు.

"ఇది భూమిలో పుట్టింది కాదమ్మా, చేసిన రాయి. పైన బల్లి చర్మంలా గళ్లున్నాయి. పక్కనుంచి చూడండి, రంగులు స్తంభాల్లా నిలబడ్డాయి. అసలు రాయిలో ఇలా ఉండవు."

"తెలుసండీ. బిగించండి చాలు," అంది అత్తయ్య.

తిరుగు బస్సంతా మిర్చి బస్తాల ఘాటు. ఉండబట్టలేక అడిగాను. "అది చేసిన రాయైతే, మామయ్య అందులోకి ఎట్లా వచ్చాడు అత్తయ్యా?"

అత్తయ్య చటుక్కున నావైపు తిరిగింది.

"నీకూ కనిపిస్తున్నాడా?"

ఆ గొంతులో ఎంత ఆశ ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నాకు భయమేసింది. లేదని తల అడ్డంగా ఊపాను. ఆమె మెల్లగా కిటికీవైపు తిరిగిపోయింది. ఆ తర్వాత అత్తయ్య ఎప్పుడూ ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు.